గ్లూకోజు సీసాలో బలం ఎంత? కడుపునిండా తింటున్నా అమ్మకు నీరసం తగ్గడం లేదు

మిర్చియార్డు_రోడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో అమ్మ, నాన్న, డిగ్రీ చదివే చెల్లి ఉంటారు. అమ్మకు 46 ఏళ్లు, పోయినేడు తూయించినప్పుడు 52 కిలోలు. ఏడాదిలో ఎక్కువ రోజులు కూలికి వెళ్తుంది. కలుపు తీత, మిరప నాట్లు, సంక్రాంతి దాటాక కాయ కోతలు.

ఆరు నెలలుగా ఒకటే మాట, "కాళ్లల్లో సత్తువ లేదురా" అని. గట్టు మీద రెండుసార్లు కూర్చుంటే గానీ ఒక సాలు పూర్తి చేయలేకపోతోంది. బిందె ఎత్తుకుంటే ఆయాసం. పోయిన నెల ఊళ్లో వైద్యం చేసే ఒకాయన దగ్గర వరసగా రెండు రోజులు గ్లూకోజు సీసాలు పెట్టించుకుంది. సీసాకు ఒక రోజు కూలి చొప్పున పోయింది. ఆ రెండు రోజులూ బాగుందట, మూడో రోజుకు మళ్లీ మామూలే.

తిండికి లోటు లేదు మా ఇంట్లో. నేనే లెక్క వేశాను. నెలకు బియ్యం 40 కిలోలు, కందిపప్పు రెండు కిలోలు, నూనె మూడు లీటర్లు, పంచదార రెండు కిలోలు, రోజుకు అర లీటరు పాలు. ముగ్గురికీ ముప్పై రోజులకూ భాగిస్తే మనిషికి రోజుకు 2,100 క్యాలరీలు దాటుతోంది. కూరగాయలు కలపలేదు. ఫోన్‌లో యాప్ పెట్టి అమ్మ వయసు, బరువు కొడితే 1,600 చాలు అని చూపించింది. అంటే అవసరానికి మించి తింటున్నట్టే కదా? మరి ఈ నీరసం ఎక్కడిది? క్యాలరీ, బలం రెండూ ఒకటి కాదా? ఆ సీసాలో నిజంగా ఎంత బలం ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

పొద్దున్నే_పరుగు

బ్రదర్, క్యాలరీ అంటే ఇంధనం మాత్రమే. కండకు కావాల్సింది ప్రోటీన్. మీ లిస్టులో దాదాపు అంతా బియ్యమే. నేను మారథాన్‌కి తయారవుతున్నప్పుడు ఇదే పొరపాటు చేశాను, అన్నం ఎంత పెంచినా కాళ్లు లాగేసేవి. గుడ్లు, పప్పు పెంచాక తేడా తెలిసింది. అమ్మగారికి మంచి ప్రోటీన్ పొడి ఒకటి తీసుకుని రోజూ పాలల్లో కలిపి ఇవ్వండి.

కొలతగిన్నె

బాబూ, నేను ఇరవై ఆరేళ్లు ఆహార సర్వేల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇంటింటికీ తిరిగి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఎవరు ఏం తిన్నారో అడిగి రాయడం నా పని. ఒకదాంట్లో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెల సెట్టు ఒకటి, చిన్న తక్కెడ ఒకటి సంచిలో ఉండేవి. "అన్నం ఎంత తిన్నావు?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. గిన్నెలు వరసగా ముందు పెట్టి "ఏ గిన్నెడు తిన్నావో చూపించు" అంటే చూపిస్తారు. అందుకే నీ లెక్క చదవగానే ఆగలేకపోయాను. నీ గుణకారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా ఆ భాగహారంలో ఉంది.

ముందు సీసా సంగతి. మామూలుగా పెట్టేది అర లీటరు, అయిదు శాతం గ్లూకోజు. అంటే అందులో 25 గ్రాముల గ్లూకోజు. పిండిపదార్థం, చక్కెర ఏదైనా గ్రాముకు నాలుగు క్యాలరీలు కాబట్టి మొత్తం సీసా వంద క్యాలరీలకు మించదు. ఒక అరటిపండు, లేదా పిడికెడు అన్నం. ఉత్త ఉప్పునీటి సీసా అయితే ఆ వంద కూడా లేదు, సున్నా. మరి బాగుందని ఎందుకు అనిపించింది అంటావా? ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోయి ఉంటుంది, ఆ నీళ్లూ ఉప్పూ అందాయి. అంతకంటే ముఖ్యం, రెండు గంటలు మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఆమెను పగటిపూట పడుకోనిచ్చింది ఆ సూదే. వాంతులూ విరేచనాలూ అయి నోటితో ఏదీ నిలవనప్పుడు సీసా ప్రాణం నిలబెడుతుంది, అది డాక్టరు నిర్ణయించాలి. నీరసానికి అది మందు కాదు.

ఇక యాప్ చెప్పిన 1,600. ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడినే మనం తిండి విషయంలో ఒక క్యాలరీ అంటున్నాం. మీ అమ్మ బరువున్న మనిషి రోజంతా మంచం మీదే ఉన్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరికి, మెదడుకి, కాలేయానికి, ఒళ్లు వెచ్చగా ఉండటానికి 1,200 దాకా ఖర్చవుతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల్లో 55 కిలోల స్త్రీకి కూర్చుని చేసే పనైతే 1,660, మధ్యరకం పనికి 2,130, బరువు పనికి 2,720 క్యాలరీలు. యాప్ మీ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. వంగి కలుపు తీసే మనిషికి, కోతల రోజుల్లో మిరపకాయల టిక్కీ (బస్తా) ఎత్తే మనిషికి రెండున్నర వేలకు అటూఇటూగా కావాలి. కాబట్టి నువ్వు వేసిన 2,100 నిజమే అనుకున్నా పని రోజుల్లో అది చాలదు.

అది నిజమని నేననుకోవడం లేదు. ఎందుకో చెప్తా విను.

ప్రకాశం జిల్లాలో ఒక ఇంట్లో అయిదుగురు మనుషులు. ముందురోజు వండిన కందిపప్పు 120 గ్రాములు. తక్కెడలో తూచి రాశాను. అయిదుగురికి భాగిస్తే తలకు 24 గ్రాములు. మగవాళ్లిద్దరూ, పిల్లలిద్దరూ గిన్నెలు చూపించారు. ఆ ఇంటి కోడల్ని అడిగితే "నేనూ పప్పే తిన్నానండీ" అంది. "ఎంత?" అంటే గిన్నెల వంక చూసింది కానీ దేన్నీ ముట్టుకోలేదు. చివరికి లోపలికి వెళ్లి, తోమకుండా ఉంచిన పప్పు గిన్నె తెచ్చి వంచి చూపించింది. అడుగున పసుపురంగు నీళ్లు, ఒక ఎండుమిరపకాయ, రెండు కరివేపాకు రెబ్బలు. అందులోనే అన్నం వేసుకుని చుట్టూ తుడుచుకుని తిన్నానంది. ఆమె వంతుకు వచ్చిన పప్పు రెండు గ్రాములైనా ఉందో లేదో. ఇంటి సగటు మాత్రం 24. ఆ సగటు చూసి ఎవరైనా ఈమెకు లోటు లేదనే అంటారు.

అలాంటి గిన్నెలు నేను తర్వాత చాలా చూశాను. డబ్బున్న ఇళ్లలో కూడా. అందుకే అడుగుతున్నా, మీ ఇంట్లో అందరి తర్వాత తినేది ఎవరు?

ఇంకొకటి. కట్టెలు పొయ్యి నిండా కుక్కినంత మాత్రాన మంట రాదు, గాలి తగలాలి. అన్నం కట్టె లాంటిది. తిన్న పిండిపదార్థం కండలో పనికి రావాలంటే ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా కాలి, ఆ శక్తి ఏటీపీ అనే పదార్థంలోకి చేరాలి. కండరం ముడుచుకోవడానికి నేరుగా ఖర్చయ్యేది అదే. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ కాల్పుకు ఆక్సిజన్ మోసుకొచ్చేది రక్తంలోని హిమోగ్లోబిన్, అందులో ఉండేది ఇనుము. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని లెక్క. మిల్లు పట్టిన తెల్ల బియ్యంలో వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. నీ లెక్క ప్రకారం రోజుకు 440 గ్రాముల బియ్యం తిన్నా దాని నుంచి వచ్చేది మూడు మిల్లీగ్రాములు. కడుపు నిండింది, రక్తానికి ఏమీ రాలేదు.

తెల్ల బియ్యంతో మన వైపు ఇంతకు ముందే అనుభవం ఉంది. మిల్లులు వచ్చాక సర్కారు (కోస్తా) జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్లు తిమ్మిర్లెక్కి, వాచి, గుండె ఆగి చనిపోయేవారు. పిండిపదార్థాన్ని శక్తిగా మార్చడానికి బీ1 విటమిన్ తప్పనిసరి, అది తవుడుతో పాటే పోయేది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు అంతగా లేదు, ఉడకబెట్టి ఎండబెట్టేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి. మన పోషకాహార సంస్థ పుట్టిందే 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన విభాగంగా. హైదరాబాద్‌కు వచ్చింది 1958లో.

ప్రోటీన్ పొడి అన్న తమ్ముడికి, నువ్వు చెప్పిన లోటు నిజమే. అన్నంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే భాగం తక్కువ, పప్పులో అది బాగా ఉంటుంది. అందుకే పప్పన్నం కలిపి తింటే రెండింటి లోపమూ తీరుతుంది. ఎక్కువగా అన్నం మీదే బతికేవాళ్లకు కిలో బరువుకు ఒక గ్రాము మాంసకృత్తులు కావాలి, మీ అమ్మకు రోజుకు 52 గ్రాములు. కానీ ఆ డబ్బా కొంటే అదీ అలమరలోకి పోయి చెల్లికే అందుతుంది. గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు, అంటే 30 గ్రాములు, ఏడు గ్రాముల మాంసకృత్తులూ 150కి పైగా క్యాలరీలూ ఇస్తుంది. కొవ్వు గ్రాముకు తొమ్మిది క్యాలరీలు కదా, అందుకే అంత చిన్న గుప్పెట్లో అంత బలం. ఒక గుడ్డు ఆరు గ్రాములు. వీటిని కొంగున కట్టుకుని పొలం తీసుకెళ్లొచ్చు.

నువ్వు ఒక పని చెయ్యి. ఈసారి ఊరెళ్లినప్పుడు పచారీ లెక్క వదిలెయ్. ఒక రోజంతా అమ్మ కంచం చూడు.

పాలమూరు_జొన్న

మాది పాలమూరు దిక్కు. అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా నాయినమ్మ కాలంల పొద్దుగాల జొన్న గట్క, మాపటికి రొట్టె. అన్నం పండుగకే. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక ఆకలి తీరింది, అది కాదనను, మా ఇంట్ల పస్తులు ఆగింది దాంతోనే. కానీ జొన్నలు పోయినయ్.

లెక్క సూడుండ్రి. వంద గ్రాముల బియ్యంల 350 కంటె కొంచెం ఎక్కువ క్యాలరీలు, జొన్నలల్ల 330 పైన. క్యాలరీలు ఇంచుమించు ఒక్కటే. ఇనుము మాత్రం జొన్నలల్ల నాలుగు మిల్లీగ్రాముల దగ్గర ఉంటది, మాంసకృత్తులు పది గ్రాములు. మీ దిక్కు రొట్టె చేసుడు అలవాటు లేకుంటే రాగిజావ పెట్టుండ్రి. రాగులల్ల వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటది. నలభై ఆరేండ్లంటె ఇగ ఎముకల సంగతి గూడ సూసుకోవాలె కద. మా అమ్మకు నేను రెండేండ్ల సంది రాత్రి పూట రొట్టెనే చేపిస్తున్న. అలవాటయ్యేదాక తిట్టింది, ఇప్పుడు అన్నం పెడితే వద్దంటది.

తెల్లకోటు_కాదు_నర్సును

తిండి గురించి అంతా బాగా చెప్పారు. కానీ తిండి మార్చే ముందు రక్తపరీక్ష చేయించండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత, 8 కంటే తగ్గితే తీవ్రమైనది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మా వార్డుకు ఏ పని మీద వచ్చినా ఇద్దరిలో ఒకరికి ఉన్నట్టే. థైరాయిడ్, షుగర్ కూడా చూపించండి, వాటిలోనూ మొదట కనిపించేది నీరసమే.

ఇంకొకటి మీరు అడగలేరు, చెల్లితో అడిగించండి. ఆ వయసులో నెలసరి ఎక్కువ రోజులు, ఎక్కువగా అవుతోందేమో. రక్తం అటు పోతుంటే ఇటు ఎంత పెట్టినా నిలవదు. ఆడవాళ్లు ఇది చెప్పుకోరు, ఆయాసం వచ్చేదాకా మా దగ్గరికి రారు.

ఇనుము మాత్ర ఇస్తే టీతోగానీ పాలతోగానీ వేసుకోవద్దు. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానేయకూడదు. సగం మంది అక్కడే మానేస్తున్నారు.

మిర్చియార్డు_రోడ్డు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. శనివారం ఊరెళ్లాను. వంటింటి కాటా ఒకటి కొనుక్కెళ్లాను. కొలతగిన్నె గారూ, మీరు చెప్పినట్టే ఆదివారం పొద్దున నుంచి అమ్మ పక్కనే ఉన్నాను. ఎందుకని అడిగితే కాలేజీలో ప్రాజెక్టు అని చెల్లి చేత చెప్పించాను.

అయిదింటికి టీ. ఏడింటికి చద్దన్నం, మాగాయ, 240 గ్రాములు. మధ్యాహ్నం నాన్నకు, చెల్లికి, నాకు వడ్డించింది. మూడు కోడిగుడ్ల కూర. మా ముగ్గురికి మూడు. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాలుగో గుడ్డు గుర్తుకు రాలేదు. అమ్మ కంచంలో 330 గ్రాముల అన్నం, కూరలో పులుసు, గోంగూర పచ్చడి. రాత్రి పప్పుచారు. ఆమె దాకా వచ్చేసరికి పైన తేట మిగిలింది. 260 గ్రాముల అన్నం. భోజనం అవగానే టీ, రెండు పూటలా. పాలు టీలో కలిసినవే, మిగతావి తోడు పెట్టింది, ఆ పెరుగు నాన్న కంచంలోకి వెళ్లింది. మిగిలిన అన్నం కుడితిలోకి.

మొత్తం వేస్తే 1,400 దాటలేదు. నా లెక్కలో ఉన్న 2,100లో ఏడు వందలు ఆమె దాకా రానే లేదు.

సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్లాం. బరువు 49. హిమోగ్లోబిన్ 8.6. నర్సు గారూ, మీరు చెప్పింది చెల్లి అడిగింది. ఏడాదిగా అలాగే ఉందట. "అందరికీ ఉండేదే కదా" అందట. డాక్టరమ్మ ఇనుము మాత్రలు, నులిపురుగుల మాత్ర ఇచ్చి, గర్భసంచి స్కానింగ్ రాశారు. థైరాయిడ్, షుగర్ మామూలుగానే ఉన్నాయి.

ఒక సందేహం. అమ్మ రేషన్ బియ్యం చేటలో పోసుకుని కొన్ని గింజలు ఏరి పారేస్తోంది. మిగతా వాటికంటే కాస్త వేరుగా ఉన్నాయి. ప్లాస్టిక్ బియ్యం అని ఊళ్లో అందరూ ఏరుతున్నారట. నిజమేనా?

కొలతగిన్నె

బాబూ, 8.6 అని చదివి మనసు చివుక్కుమంది, కానీ తెలిసింది కాబట్టి ఇక పైకి రావడమే.

ఆ గింజలు ఏరనివ్వకు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి మళ్లీ గింజలా ఒత్తినవి. వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. అలా కలిపిన కిలో బియ్యంలో 28 నుంచి 42 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉండాలని నిబంధన. మీ అమ్మ చేటలోంచి పారేస్తున్నది సరిగ్గా ఆమెకు కావాల్సిందే. బియ్యం అయిదారు నీళ్లు కడగొద్దు, గంజి వార్చి పారబోయొద్దు, నీళ్లన్నీ అన్నంలోనే ఇగిరేలా అత్తెసరు పెట్టమను. బీ విటమిన్లు నీళ్లతోనే పోతాయి.

టీ మానమంటే మానదు, నాకు తెలుసు. భోజనానికి గంట తర్వాత తాగమను. టీ తిన్నదాంట్లోని ఇనుమును పట్టనివ్వదు. తోటకూర, మునగాకు వంద గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఇస్తాయి, అందులోనూ ఒంటికి పట్టేది కొంతే. పైన నిమ్మకాయ పిండితే ఎక్కువ పడుతుంది. బెల్లం ముక్క తింటే రక్తం పడుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. పది గ్రాముల ముక్కలో అర మిల్లీగ్రాము ఉంటుందేమో. ఇప్పుడున్న లోటు మాత్రలతోనే తీరాలి. స్కానింగ్ వాయిదా వేయనివ్వొద్దు.

పప్పు దిగగానే, ఎవరికీ వడ్డించకముందే ఆమె వంతు వేరే గిన్నెలోకి తీయాలి. గుడ్డు కూడా. ఇది అమ్మకు చెప్పకు, ఆమె చేయదు. చెల్లికి చెప్పు. మీ నాన్నగారికి కూడా ఒకసారి ఆ 1,400 అంకె చూపించు. చాలామంది మగవాళ్లకు తెలియదు, చూపిస్తే అర్థం చేసుకుంటారు. నా సర్వేల్లో చూశాను.

మిర్చియార్డు_రోడ్డు

నాన్నకు చూపించాను. ఏమీ అనలేదు. రాత్రి పెరుగు గిన్నె అమ్మ వైపు జరిపారట, చెల్లి చెప్పింది.

రెండు కిలోల వేరుశనగపప్పు తీసిచ్చి వచ్చాను. చెల్లి ఇందాకే ఫొటో పంపింది. పొయ్యి పక్కన మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నె, మూత మీద సుద్దముక్కతో "అమ్మ" అని రాసి ఉంది. స్కానింగ్ గురువారం. సంక్రాంతికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ మళ్లీ చేయించి అంకె ఇక్కడే రాస్తాను.